ఈఎంఐ కట్టగలరు, డౌన్‌పేమెంట్ ఎక్కడి నుంచి తెస్తారు?

సంపాదకులకు,

కోటి పట్టణ కుటుంబాలకు ఇళ్లంటూ 2024 సెప్టెంబరు 1న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో, బ్యాంకు రుణంతో తొలి ఇల్లు కొనే యువతకు నేరుగా పనికొచ్చేది వడ్డీ రాయితీ ఒక్కటే. దాని షరతులను ముందు పెట్టుకుని లెక్క కట్టి చూడండి. అర్హత ఉన్నవాళ్ల చేతిలో డబ్బుండదు, డబ్బున్నవాళ్లకు అర్హత ఉండదు.

కుటుంబ వార్షికాదాయం 9 లక్షలు దాటకూడదు. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. కొనే ఇంటి విలువ 35 లక్షల లోపు, తీసుకునే రుణం 25 లక్షల లోపు ఉండాలి. ఆ రుణంలో మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ ఇస్తారు. ఎంత లెక్కేసినా 1.80 లక్షలకు మించదు, అది కూడా అయిదేళ్లలో అయిదు వాయిదాలుగా వస్తుంది.

35 లక్షల ఫ్లాట్‌కు 25 లక్షలే రుణం తీసుకోవాలంటే మిగతా 10 లక్షలు సొంతంగా తేవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు దీనికి అదనం. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 కలిపి 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో విభజన వేరు (5, 1.5, 1) గాని మొత్తం అంతే. అంటే మరో 2,62,500. ఏడాది ఆదాయం 9 లక్షలకు మించని ఇంట్లో, అద్దె కడుతూ నెలకు 15 వేలు పక్కన పెట్టినా ఈ 12.62 లక్షలు పోగవడానికి ఏడేళ్లు పడుతుంది. ఏడేళ్లూ ఫ్లాట్ ధర అక్కడే ఆగి ఉండదు కదా.

బాధ కలిగించేది ఇంకొకటుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు రుణానికి ఆస్తి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. అంటే ఆదాయం సరిపోతే ఇదే 35 లక్షల ఫ్లాట్‌కు బ్యాంకు 30 లక్షలు ఇవ్వగలదు, చేతి సొమ్ము 5 లక్షలతో సరిపోతుంది. పథకంలోకి వస్తే ఆ 5 కాస్తా 10 అవుతుంది. 1.80 లక్షల రాయితీ కోసం 5 లక్షలు ముందుగా ఎక్కువ తెచ్చుకోవాలన్నమాట. పైగా ఒక్కో వాయిదా విడుదలయ్యే నాటికి అసలులో సగానికి పైగా బాకీ ఉండాలన్న షరతు ఉంది. బోనస్ వచ్చినప్పుడల్లా ముందస్తుగా కట్టేసే జాగ్రత్తపరులు ఇది చూసుకోవాలి.

పాత పథకం ఈ విషయంలో మెరుగ్గా ఉండేది. 2015 నాటి పథకంలో 6 లక్షల లోపు ఆదాయమున్నవారికి 2.67 లక్షల దాకా రాయితీ ఒకేసారి రుణ ఖాతాలో పడేది, అసలు తగ్గేది, ఈఎంఐ తగ్గేది. అది 2022 మార్చి 31తో ఆగిపోయింది. తొలి ఇంటి వడ్డీపై అదనంగా 1.5 లక్షల పన్ను మినహాయింపునిచ్చిన 80ఈఈఏ సెక్షను కూడా అదే తేదీ తర్వాత మంజూరైన రుణాలకు వర్తించదు.

జీఎస్టీ సంగతీ చూడాలి. కట్టడంలో ఉన్న ఫ్లాట్ 'అఫర్డబుల్' కోవలో ఉంటే 1 శాతం, లేకపోతే 5 శాతం. ఆ కోవలోకి రావాలంటే ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (ఫ్లాట్ లోపల వాడుకునే నేల) హైదరాబాద్‌లో 60 చదరపు మీటర్లు, వరంగల్, విజయవాడ వంటి చోట్ల 90 చదరపు మీటర్ల లోపు ఉండాలి. 60 మీటర్లంటే దాదాపు 646 అడుగులు. సూపర్ బిల్టప్ (మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి వాటా కూడా కలిపి) 1,100 అడుగులని అమ్మే మామూలు డబుల్ బెడ్‌రూమ్‌లో కార్పెట్ ఏరియా 750 దగ్గర తేలుతుంది. కాబట్టి శివారులో 35 లక్షలకు అలాంటిది దొరికినా జీఎస్టీ 35 వేలు కాదు, 1.75 లక్షలు. ప్రభుత్వాలు ముందే తీసుకునేది 1.75 లక్షలు, అయిదేళ్లలో తిరిగిచ్చేది 1.80 లక్షలు. ఇక సాయం ఎక్కడుంది? ఈ కొలతలు, ఈ ధరలు 2019 ఏప్రిల్ నాటివి.

35 లక్షలు దాటితే రాయితీ ఎటూ లేదు. అక్కడ మరో మెట్టు అడ్డం వస్తుంది. రుణం 30 లక్షలు దాటగానే బ్యాంకు 80 శాతమే ఇవ్వాలి. 33.33 లక్షల ఇంటికి 30 లక్షల రుణం వస్తుంది, 37.5 లక్షల ఇంటికీ అదే 30 లక్షలు వస్తుంది. మధ్యలో పెరిగిన 4.17 లక్షలూ పూర్తిగా కొనేవాళ్ల జేబులోంచే పోవాలి. ఇల్లు 10 లక్షలకు మించితే రిజిస్ట్రేషన్ ఖర్చును ఆస్తి విలువలో కలిపి రుణమివ్వడానికి వీల్లేదు. మార్జిన్ మనీ (కొనేవాళ్ల సొంత వాటా) కట్టిన రసీదులు చూపనిదే బ్యాంకు మొదటి చెక్కు కూడా ఇవ్వదు.

ఈ లోటు పూడ్చుకోవడానికి యువత చేసే పనులే తర్వాత మెడకు చుట్టుకుంటాయి. 5 లక్షల పర్సనల్ లోన్ 13 శాతానికి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 11,377 రూపాయలు కట్టాలి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గృహరుణంలో లక్షకు ఈఎంఐ 868. అంటే ఆ 5 లక్షల అప్పు 13 లక్షల గృహరుణ అర్హతను తినేస్తుంది. శాంక్షన్ లెటర్‌లో రుణం మొత్తానికి కోత పడ్డాక గాని ఇది తెలియదు. పాత ఫ్లాట్ కొనేచోట అమ్మేవాళ్లు కొంత 'బ్లాక్' అడుగుతారు. ఆ భాగానికి రుణం రాదు, కాగితం ఉండదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ప్రీలాంచ్. 'ఇప్పుడే మొత్తం కడితే సగం ధరకే' అని అనుమతులే లేని ప్రాజెక్టులో స్థలం వాటా, అదే యూడీఎస్, రిజిస్టర్ చేసిస్తారు. ప్లాన్ మంజూరు లేదు గనుక బ్యాంకు దగ్గరికి రానివ్వదు. కట్టడం మొదలుకాకపోతే చేతిలో మిగిలేది విడదీయలేని గజాల కాగితం. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 3వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. 13వ సెక్షను ప్రకారం అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. అడ్వాన్సు ఇచ్చే ముందు రెరా నంబరు అడిగి, ఆ వెబ్‌సైట్‌లో ప్లాన్ కాపీ తెరిచి, మీ ఫ్లాట్ నంబరు, కార్పెట్ ఏరియా అందులో ఉన్నాయో లేదో చూడండి. పది నిమిషాల పని.

కేంద్రం చేయగలిగింది చిన్నదే. రుణ పరిమితిని 30 లక్షలు చేయాలి. రాయితీని రుణం విడుదలయ్యే రోజే మార్జిన్ కింద జమ చేయాలి. ఏటా 36 వేల చొప్పున అయిదు వాయిదాలకు 8.5 శాతం మీద ఇవాళ్టి విలువ దాదాపు 1.42 లక్షలే. ఆ మొత్తం మొదటి రోజే ఇస్తే ఖజానా మీద కొత్త భారం ఉండదు, ఏడేళ్ల పొదుపులో తొమ్మిదిన్నర నెలలు తగ్గుతాయి. రాష్ట్రాల చేతిలో స్టాంప్ డ్యూటీ ఉంది. కర్ణాటకలో 45 లక్షల వరకు ఉన్న కొత్త ఫ్లాట్ల తొలి రిజిస్ట్రేషన్‌కు దాన్ని 3 శాతానికి తగ్గించారు. మన దగ్గర తొలి ఇంటికైనా ఆ మేరకు తగ్గించవచ్చు. అయిదేళ్ల లోపు అమ్మితే తగ్గించినదంతా కట్టాలని డాక్యుమెంట్‌లోనే రాసి ఈసీలో (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రంలో) చూపిస్తే, ఇన్వెస్టర్లు దీన్ని వాడుకోలేరు.

అయితే కొనేవాళ్లకు డబ్బిచ్చి ఇళ్లు పెంచకపోతే ధరే పెరుగుతుంది. బ్రిటన్‌లో 2013 నుంచి 2023 వరకు నడిచిన హెల్ప్ టు బై అనే ఇంటి కొనుగోలు సాయ పథకం మీద అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ 2022లో చెప్పింది అదే. అవసరం ఎక్కువున్న చోట్ల ధరలు ఆ సాయం విలువను మించి పెరిగాయంది. మరోవైపు ప్రభుత్వమే కట్టిస్తానని 2007లో మొదలుపెట్టిన రాజీవ్ స్వగృహ ఏమైందో మనం చూశాం. బండ్లగూడ, పోచారం బ్లాకులు ఏళ్ల తరబడి ఆగిపోయి చివరకు 2022లో లాటరీలో అమ్మకానికి వచ్చాయి. కట్టడం ప్రభుత్వం పని కానక్కర్లేదు, భూమి మాత్రం దాని చేతిలోనే ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. ఆ ధర పెట్టినవాళ్లు 646 అడుగుల ఫ్లాట్ కట్టరు, కట్టలేరు.

కాబట్టి వచ్చే వేలం ప్రకటనలోనైనా కొన్ని ప్లాట్లు వేరుగా తీసి, భూమి ధరను ముందే ఖరారు చేసి, ఫ్లాట్‌ను ఎవరు తక్కువకు అమ్ముతారో వారికే ఇవ్వాలి. 60 మీటర్ల లోపు ఫ్లాట్లే కట్టాలని, తొలి ఇల్లు కొనేవారికే అమ్మాలని ఆ ప్రకటనలోనే షరతు పెట్టాలని హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏను, పురపాలక శాఖను కోరుతున్నాను.

– గృహరుణ సలహాదారు, హైదరాబాద్