హైమాస్ట్ లైటు సరే, నెలనెలా బిల్లు ఎవరు కడతారు?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో ఒక పల్లెకు సర్పంచ్‌ని. మా జనాభా 1,900 పైచిలుకు. 2019 జనవరిలో గెలిచి, ఫిబ్రవరి 2న ప్రమాణం చేశాను. వచ్చే 2024 ఫిబ్రవరి 1తో నా గడువు అయిపోతుంది. మళ్లీ నిలబడను, మా ఇంట్లోవాళ్లూ నిలబడరు. అందుకే ఈ మాటలు మొహమాటం లేకుండా రాయగలుగుతున్నాను.

దీపావళి అయిన మూడో రోజు సాయంత్రం, అసెంబ్లీ ఎన్నికల్లో మా నియోజకవర్గం నుంచి పోటీ చేస్తున్న అభ్యర్థి ఒకరు మా ఊరికి ప్రచారానికి వచ్చారు. పేరు రాయను, పార్టీ రాయను. ఆయన మీద నాకు కోపం లేదు. మంచి మనిషే, ఫోన్ చేస్తే ఎత్తుతారు. ఆ రోజు బొడ్రాయి దగ్గర ఆయన చెప్పినవే పక్క ఊళ్లో ఇంకో పార్టీ అభ్యర్థి కూడా చెప్పి వెళ్లాడట. కాబట్టి ఇది ఒక్కరి సంగతి కాదు.

బొడ్రాయి సెంటర్‌లో హైమాస్ట్ లైటు, అంటే ఎత్తైన స్తంభం మీద పెద్ద లైట్లు, పెట్టిస్తానన్నారు. ఎస్సీ కాలనీలో సొంత డబ్బుతో బోరు వేయించి మోటారు బిగిస్తానన్నారు. మహిళా సంఘాలకు భవనం, ఎక్కడ మట్టి బాట మిగిలితే అక్కడ సీసీ రోడ్డు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అవన్నీ మా ఊరికి కావాల్సినవే.

మైకు ఆపి అందరం టీ తాగుతున్నప్పుడు దగ్గరికెళ్లి అడిగాను.

"అన్నా, లైటు పెట్టిస్తవు, మంచిదే. దాని కరెంటు బిల్లు నెలనెలా ఎవరు కట్టాలె?"

"పంచాయతీ కడ్తది గదా అక్కా."

"పంచాయతీకి పైసలు ఏడికెల్లి వస్తయి?"

"గెలిచినంక అన్నీ చూసుకుందాం. నువ్వేం టెన్షన్ పెట్టుకోకు" అని జీపెక్కారు.

ఆ టెన్షన్ నాకు చాలాకాలంగా ఉంది. అదేమిటో పాఠకులకు చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో సగం మందికి మా పంచాయతీ ఖర్చు ఎంతో తెలియదు. సర్పంచ్‌ని అయ్యేదాకా నాకూ తెలియదు. మహిళా సంఘం లీడర్‌గా పొదుపు పుస్తకాలు రాసినదాన్ని, లెక్కలంటే భయం లేదు, అయినా తెలియదు.

మా పంచాయతీలో నలుగురు కార్మికులు ఉన్నారు, 500 జనాభాకు ఒకరి లెక్కన. ఒక్కొక్కరికి రూ.9,500. అంటే నెలకు రూ.38,000. వీధి లైట్లకు, నీళ్ల మోటార్లకు కరెంటు బిల్లు రూ.27,000 దాకా. ట్రాక్టర్ కిస్తీ నెలకు రూ.16,000 పడుతుంది, డీజిల్‌కు రూ.9,000. బ్లీచింగ్ పౌడర్, కాలిపోయిన బల్బులు, పగిలిన పైపులు, మోటారు రీవైండింగ్ కలిపి ఎంత పొదుపుగా ఉన్నా రూ.10,000. మొత్తం లక్ష. కొత్తగా ఒక్క ఇటుక పెట్టకుండా, ఉన్న ఊరిని ఉన్నట్టు నడపడానికి నెలకు లక్ష రూపాయలు కావాలి. మా ఊరి ఇంటి పన్ను అణా పైసలతో సహా వసూలైనా ఏడాదికి రెండు లక్షలు దాటదు.

ఇప్పుడు దీనికి హైమాస్ట్ లైటు చేరిస్తే నెలకు ఇంకో మూడు వేలు. కాలనీ బోరుకు రెండు వేలు, మోటారు కాలిన నెల అయితే అంతకు రెట్టింపు. భవనానికి సున్నం వేయాలి, తాళం వేసి తీసే మనిషి కావాలి. ఇచ్చేవారు ఒకసారి ఇచ్చి ఫొటో దిగి వెళ్తారు. దాన్ని నడిపించే బరువు పంచాయతీ మీద పడుతుంది. ఆ కాలనీలో ఇంతకుముందు ఒక పెద్దమనిషి వేయించిన బోరు ఉంది. మోటారు కాలింది. బాగు చేయించడానికి ఆ నెల మా దగ్గర పైసలు లేవు. ఎండాకాలం నలభై రోజులు ఆడవాళ్లు చెలక బాటన బిందెలు మోశారు. వాళ్లు తిట్టింది బోరు వేయించిన ఆయనను కాదు, నన్ను. తిట్టాల్సిందే, నేను సర్పంచ్‌ని.

మా జిల్లాలో నీళ్లంటే ఏమిటో వేరేగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగినవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. బయటి నుంచి శుద్ధి చేసిన నదీ జలాలు మా ట్యాంకులోకి రావడం మా తరానికి చిన్న సంగతి కాదు, తెచ్చినవారికి దండం పెడతాను. కానీ ట్యాంకు దాకా వచ్చిన నీళ్లను గల్లీ గల్లీకి చేర్చేది పంచాయతీ కార్మికుడే. వాల్వు తిప్పాలి, లీకేజీ అతకాలి, ట్యాంకు కడిగి మందు కలపాలి. ఆ మనిషికి రెండు నెలల జీతం ఆగితే, పొద్దున అయిదింటికి వాల్వు దగ్గరికి రమ్మని నేను ఏ ముఖం పెట్టుకుని అడగాలి? మొన్న జూలైలో రాష్ట్రమంతా పంచాయతీ కార్మికులు నెల రోజులకు పైగా సమ్మె చేశారు. మా ఊళ్లో వీధులు ఊడ్చే పెద్దమ్మ సమ్మె టెంటు నుంచే నాకు ఫోన్ చేసి, "బిడ్డా, బడి ముంగట మోరీ నిండింది, పిల్లలు పడ్తరు, జర చూస్కో" అంది. నేనూ, నా భర్తా, ఇద్దరు వార్డు సభ్యులూ పార పట్టుకుని ఆ మురికి కాలువ తీశాం. అలాంటి మనిషికి నెల తిరగగానే జీతం ఇవ్వలేకపోవడం నాకు ఈ అయిదేళ్లలో అన్నిటికంటే ఎక్కువ సిగ్గు అనిపించిన విషయం.

పైసలు ఎక్కడి నుంచి రావాలో కూడా చెబుతాను. మన పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉన్నప్పుడు 73వ రాజ్యాంగ సవరణ వచ్చింది, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలైంది. తాగునీరు, పారిశుద్ధ్యం, బడి, ఆరోగ్యం సహా 29 విషయాలు అందులో పంచాయతీల పేరు మీద రాశారు. పంచాయతీలకు ఎంత ఇవ్వాలో సిఫారసు చేయడానికి ప్రతి రాష్ట్రం అయిదేళ్లకోసారి ఆర్థిక సంఘం వేయాలనీ ఉంది. కేంద్రం వైపు నుంచి 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు రూ.2,36,805 కోట్లు సిఫారసు చేసింది. ఇది ఎవరి జేబులో సొమ్మూ కాదు, మా ఊరి వాటా అందులో ఉంది.

కానీ ఆ డబ్బులో 60 శాతం నీళ్లకూ పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం ఊరి అవసరానికి వాడుకోవచ్చు గానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. మరి జీతాలు? అవి రాష్ట్రం వాటా నుంచీ, మా పన్ను నుంచీ రావాలి. కేంద్రం ఇచ్చినంత రాష్ట్రమూ కలిపి ఇస్తుందని 2019 సెప్టెంబరులో పల్లెలను శుభ్రంగా, పచ్చగా ఉంచే రాష్ట్ర కార్యక్రమం పల్లె ప్రగతి మొదలైనప్పుడు చెప్పారు. మొదట్లో నెలనెలా వచ్చింది. ఆ రోజుల్లో మా ఊరు ఎలా ఉండేదో అప్పుడు వచ్చిన చుట్టాలను అడిగితే చెబుతారు. మోరీలు శుభ్రంగా ఉండేవి, చెట్లకు నీళ్లు అందేవి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చట్టంలోనే ఉంది, మావి బతికాయి. తర్వాత డబ్బు ఆగి ఆగి రావడం మొదలైంది. వచ్చిన డబ్బుకు కూడా చెక్కు రాస్తే పాస్ కాదు. నేను, ఉపసర్పంచ్ ఇద్దరం సంతకం పెట్టిన చెక్కులు ట్రెజరీలో నంబరు వేయించుకుని నెలల తరబడి అలాగే ఉండిపోయాయి.

మేము చేసిన పనులకు నేటికి రావాల్సింది రూ.11,60,000. వైకుంఠధామం (శ్మశానవాటిక), కొంత సైడు కాలువ, డంపింగ్ యార్డు షెడ్డు. తొందరగా పూర్తి చేయమని మీటింగుల మీద మీటింగులు పెడితే చేశాం. ఆ పనులకు నూటికి రెండు రూపాయల మిత్తికి (వడ్డీకి) అప్పు తెచ్చాను. పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం బ్యాంకులో ఉంది. సిమెంటు దుకాణం ఆయన మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు ఏమీ అడగడు, ఒక్కసారి చూసి పోతాడు. అడిగితేనే నయం అనిపిస్తుంది. నా గౌరవ వేతనం నెలకు రూ.6,500. అది మిత్తిలో ఏ మూలకు?

ఇదంతా అభ్యర్థిని ఎందుకు అడగాలి, ఎమ్మెల్యేకు పంచాయతీ లెక్కలతో ఏం పని అని కొందరు అంటున్నారు. రాష్ట్ర బడ్జెట్ మీద ఓటు వేసేది ఎమ్మెల్యే. పంచాయతీరాజ్ చట్టాన్ని మార్చగలిగేది ఎమ్మెల్యే. మా నిధులు ఎందుకు ఆగాయని అసెంబ్లీలో నిలబడి అడిగే హక్కు నాకు లేదు, ఆయనకు ఉంది. సొంత డబ్బుతో బోరు వేయించే దాతలు మా మండలంలో ఇంకో పది మంది దొరుకుతారు. అసెంబ్లీలో అడిగేవారు నియోజకవర్గానికి ఒక్కరే.

ఇంకో సంగతి నాకు చాలా భయంగా ఉంది, దాని గురించి ఏ అభ్యర్థీ మాట్లాడటం లేదు. ఫిబ్రవరి 1తో రాష్ట్రంలో 12 వేలకు పైగా పంచాయతీల పాలకవర్గాల గడువు ముగుస్తుంది. ఆలోపు పంచాయతీ ఎన్నికలు జరగకపోతే సర్పంచ్‌ల స్థానంలో ప్రభుత్వం పెట్టే ప్రత్యేకాధికారులు వస్తారు. 15వ ఆర్థిక సంఘం డబ్బు రావాలంటే ఎన్నికైన పాలకవర్గం ఉండాలని షరతు. రాష్ట్ర ఆర్థిక సంఘం వేసి దాని సిఫారసుల మీద చర్య తీసుకోని రాష్ట్రాలకు 2024 మార్చి తర్వాత ఇవ్వొద్దని ఇంకో షరతు. ఇప్పుడు అసెంబ్లీ ఎన్నికల హడావుడి, వెంటనే పార్లమెంటు ఎన్నికలు. మధ్యలో మా పంచాయతీ ఎన్నికలు వెనక్కి పోతే రాష్ట్రం వాటాతో పాటు కేంద్రం వాటా కూడా ఆగుతుంది. అప్పుడు బ్లీచింగ్ పౌడర్ ఎవరు కొంటారు? ఒక అధికారి నాలుగైదు ఊళ్లు చూసుకుంటూ, రాత్రి పూట మోటారు కాలిందని ఫోన్ చేస్తే వస్తారా? వాళ్లను తప్పు పట్టడం లేదు, వాళ్లకు వాళ్ల పని ఉంటుంది.

బడిలో మరుగుదొడ్ల పని సగంలో ఆగింది, ఆరోగ్య సబ్‌సెంటర్‌కు సొంత గది లేక ఊరి నర్సు (ఏఎన్ఎం) పంచాయతీ ఆఫీసులోనే టీకాలు వేస్తోంది. వాటి గురించి కూడా ఆ అభ్యర్థి ఒక మాట చెబితే బాగుండేది. అవి వేరే ఉత్తరానికి సరిపడా ఉన్నాయి, ఇక్కడ వదిలేస్తున్నాను.

అసెంబ్లీ అభ్యర్థి ఒక్కొక్కరు రూ.40 లక్షల వరకు ఖర్చు పెట్టుకోవచ్చని ఎన్నికల సంఘం పరిమితి. అందులో మూడో వంతు కూడా ఉండదు మా ఊరి బాకీ. ఆ డబ్బు మాకు ఇమ్మని నేను అడగడం లేదు, ఎవరి సొంత డబ్బూ మాకు వద్దు. నేను అడిగేది ఇంతే. పంచాయతీ పాత బిల్లులు ఏ నెలలోగా ఇప్పించడానికి పట్టుబడతారో తారీఖుతో చెప్పండి. రాష్ట్రం వాటా ఉద్యోగుల జీతాల్లాగా నెల మొదటి వారంలో జమ కావాలని మీ పార్టీలో మాట్లాడతారా చెప్పండి. పంచాయతీ ఎన్నికలు సమయానికి జరగాలంటారా, వాయిదా పడ్డా పర్వాలేదంటారా చెప్పండి. ఏదైనా కట్టిస్తామన్నప్పుడు, అది నడవడానికి నెలకు ఎంత అవుతుందో, ఎక్కడి నుంచి వస్తుందో అదే మైకులో చెప్పండి. "చేయలేను" అని చెప్పినా సరే. తెలిస్తే మా ఏర్పాట్లు మేం చేసుకుంటాం.

పోలింగ్ 30న. ప్రచారం 28 సాయంత్రం ముగిసేలోపు ఆయన మా ఊరికి మళ్లీ ఒకసారి వస్తానన్నారు. మా నెల లెక్క మొత్తం ఒక తెల్ల కాగితం మీద రాసి పెట్టుకున్నాను, అంకెలు పెద్దగా కనిపించేలా. బొడ్రాయి దగ్గర అరుగు మీద కుర్చీ వేసి, పది నిమిషాలు కూర్చుని అది చదవమని అడుగుతాను. ఊడ్చే పెద్దమ్మను కూడా రమ్మన్నాను. ఆమెకు అక్టోబరు జీతం ఇంకా ఇవ్వలేదు.

ఇట్లు,
ఒక మహిళా సర్పంచ్,
నల్లగొండ జిల్లా.
నవంబర్ 2023