శుక్లం తీసిన పసికళ్లలో చూపు నిలవడానికి – కార్తికమాస విరాళాల విజ్ఞప్తి

పెరంబూరు శివాలయ భక్తులకు, చుట్టుపక్కల పేటలలో నివసిస్తున్న తెలుగు కుటుంబాలకు ఆలయ నిర్వాహక సంఘం నమస్కరించి చేయు విన్నపం.

ఈ కార్తికమాసంలో దీపారాధన నిధితోపాటు మరొక నిధిని ప్రారంభించాలని సంఘం తీర్మానించింది. పుట్టుకతోనో పసితనంలోనో కంట్లో శుక్లం ఏర్పడి, శస్త్రచికిత్స జరిగిన పిల్లలకు ఆ తరువాతి సంవత్సరాలలో అయ్యే ఖర్చులకు మాత్రమే దీనిని వినియోగిస్తాము. శస్త్రచికిత్సకు ఇవ్వక తరువాతి కాలానికి ఎందుకని కొందరు సభ్యులు సమావేశంలోనే అడిగారు గనుక, కారణాన్ని వివరించడం మా బాధ్యత.

తాతగారికి శుక్లం తీసి మర్నాడు కట్టు విప్పితే చూపు తెలుస్తుంది. ఆయన మెదడు చూడడం ఎన్నడో నేర్చుకుంది, అడ్డు తొలగితే చాలు. పసిబిడ్డ మెదడు మాత్రం కంటి నుంచి స్పష్టమైన బొమ్మ అందితేనే చూడడం నేర్చుకుంటుంది. అందని కంటిని అది క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే పుట్టుకతో ఒక కంటికి శుక్లం ఉంటే సుమారు 6 వారాల లోపు, రెండు కళ్లకూ ఉంటే సుమారు 8 వారాల లోపు తీయించడం మేలని వైద్యులు చెబుతారు. బిడ్డ కంటిపాప తెల్లగా మెరిసినా, కళ్లు నిలకడ లేక అదురుతున్నా, మెల్లకన్ను కనిపించినా ఒక్క రోజు కూడా ఆగవద్దని ఈ సందర్భంగా తల్లిదండ్రులను వేడుకుంటున్నాము.

శుక్లం తీసిన తరువాతే అసలు శ్రమ మొదలవుతుంది. బిడ్డ కన్ను పెరుగుతున్న కొద్దీ కళ్లద్దాల పవరు మారుతుంది. ఆడుకునే పిల్లలు వాటిని విరగ్గొట్టుకుంటారు కూడా. ఒక కంటికే శుక్లం వచ్చిన బిడ్డకు బాగున్న కంటిని రోజూ కొన్ని గంటలు ప్యాచ్‌తో మూసి, బలహీనమైన కంటి చేత పని చేయించాలి. బిడ్డ ఏడ్చి దానిని పీకేస్తుంది, అమ్మమ్మ మనసు కరిగి తీసేయమంటుంది. ఆ జాలి ఎంత సహజమో మాకు తెలుసు, కాని చూపు దక్కవలసిన ఏళ్లు అక్కడే చేజారిపోతాయి. కొందరికి పొర మళ్లీ కమ్ముకుంటుంది. కొందరికి ఏళ్ల తరువాత కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసుల వ్యాధి వస్తుంది గనుక, చూపు బాగుందనుకున్నా పరీక్షలు మానరాదు.

అమెరికాలో ఒక కంటికి మాత్రమే శుక్లం ఉన్న 114 మంది శిశువులకు ఆపరేషను చేసి, వారిని 10న్నర ఏళ్ల వయసు వరకు గమనించారు. కంటి లోపలే కటకం అమర్చినా, కాంటాక్ట్ లెన్సు వాడినా చూపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాలుగో వంతు పిల్లలకు ఆ కంట్లో మంచి చూపు దక్కింది. సుమారు 44 శాతం మందికి 20/200 (మామూలు కన్ను 200 అడుగుల నుంచి చూడగలిగినది 20 అడుగుల దగ్గరకు వస్తేనే కనబడడం) లేదా అంతకన్నా తక్కువ చూపే మిగిలింది. అంత జాగ్రత్తగా చూసుకున్న చోటనే ఫలితం ఇలా ఉంటే, కూలి పోతుందని పరీక్షకు రాలేని ఇంటి బిడ్డ సంగతి ఆలోచించండి. రెండు కళ్లకూ శుక్లం ఉండి సకాలంలో తీసిన పిల్లలకు సాధారణంగా ఇంతకన్నా మెరుగైన చూపే వస్తుందని చెప్పడం కూడా న్యాయం.

మన నగరానికి ఆసుపత్రుల కొరత లేదు. ఎగ్మోర్ ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819 నాటిది. అయితే సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు నుంచి పసిబిడ్డను చంకనెత్తుకుని తెల్లవారుజామున రైలెక్కే తల్లికి ప్రతి రాకా ఒక రోజు కూలి నష్టం. మూడోసారో నాలుగోసారో ఆమె రావడం ఆగిపోతుంది. ఆ రాకలు ఆగకుండా చూడడమే మా ఉద్దేశం.

రైలు ఛార్జీలు, పోయిన కూలికి కొంత భర్తీ, కళ్లద్దాలు, ప్యాచీలు, దూరం నుంచి వచ్చినవారికి ఆలయ సత్రంలో రాత్రి బస, భోజనం నిధి నుంచి సమకూరుస్తాము. ఒక్కసారి పెద్ద మొత్తం ఇవ్వడం కన్నా, ఎంత చిన్నదైనా నెలనెలా కొన్నేళ్లు ఇచ్చే విరాళమే ఈ పనికి ఎక్కువ ఉపయోగపడుతుంది. కళ్లజోళ్ల దుకాణాలవారు వస్తురూపంలో, తెలుగు, తమిళం రెండూ తెలిసినవారు ఆసుపత్రికి తోడు వెళ్లి మాట సాయంగా తోడ్పడవచ్చు.

విరాళాలను ఆలయ కార్యాలయంలో ఉదయం 7 నుంచి 11 గంటల వరకు స్వీకరించి రసీదు ఇస్తాము. జమాఖర్చులను ప్రతి నెలా నోటీసు బోర్డులో ఉంచుతాము. పిల్లల పేర్లను, ఫొటోలను మాత్రం ఎక్కడా ప్రదర్శించము.

ఇట్లు,
ఆలయ నిర్వాహక సంఘం,
పెరంబూరు, చెన్నై