శాక్రమెంటో నుంచి అమ్మకి

అమ్మా,

నాన్న మోకాలు ఎలా ఉంది? ఫిజియోథెరపీ మానేశారని తమ్ముడు చెప్పాడు. మానొద్దన్నానని చెప్పు. నా ఆఫీసు మామూలే. వేళకే తింటున్నాను.

శనివారాలు ఇంటిపట్టున ఉండకుండా ఎవరి పిల్లల వెంటో తిరుగుతున్నానని అత్త దగ్గర బాధపడ్డావట. ఫోన్‌లో అయితే సగం వినకుండానే "సర్లే" అంటావని రాస్తున్నాను.

నేను శనివారాలు కలిసే పిల్లకి మొన్ననే 18 నిండాయి. చిన్నప్పుడే కోర్టు వాళ్ళమ్మ దగ్గర్నుంచి తీసుకెళ్ళి ఫోస్టర్ ఇంట్లో, అంటే తాత్కాలికంగా పెంచే వేరే కుటుంబం దగ్గర పెట్టింది. తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో బడి. కాలిఫోర్నియాలో 2012లో అమల్లోకొచ్చిన చట్టం వల్ల ఇలాంటి పిల్లలకి చదువో ఉద్యోగమో ఉంటే 21 దాకా సాయం అందుతుంది. ఆరోగ్య బీమా 26 దాకా. చదువుకి ఏడాదికి 5,000 డాలర్ల వరకు ఇస్తారు. 14 ఏళ్ళ నుంచి ఏటా క్రెడిట్ రిపోర్టు, అంటే వాళ్ళ పేరు మీదున్న అప్పుల చిట్టా తీసి చూపించాలి కూడా. పసిపిల్లల పేరు మీద ఎవరెవరో అప్పులు చేస్తారమ్మా, అందుకు.

కాగితాల మీద అన్నీ ఉన్నాయి. మొన్న అద్దె అగ్రిమెంటు తెచ్చి సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది. ముందు చదువు అన్నాను. ప్రతి లైనూ చదివించాను. ఖాళీ చేసిన 21 రోజుల్లో డిపాజిట్ లెక్క తేల్చాలని ఇక్కడి రూలు, అదీ చెప్పాను. అంతా అయ్యాక మెల్లగా అడిగింది: "జ్వరం ఎంత ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి?" మాకైతే నువ్వు నుదుటి మీద చెయ్యి పెట్టి చెప్పేసేదానివి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇప్పుడు చెప్పు, వెళ్ళొద్దంటావా?

అత్త పంపిన సంబంధం సంగతి తర్వాత మాట్లాడదాం. తొందరపెట్టకండి.

మన హైదరాబాద్‌లో నింబోలిఅడ్డ ప్రభుత్వ హోంలో ఆడపిల్లలకీ 18 నిండుతాయి కదా. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 46వ సెక్షన్ వీళ్ళ కోసమే, బయటికొచ్చే పిల్లలకి డబ్బు సాయం చేయొచ్చని. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకి 4,000 రూపాయలు. అమీర్‌పేటలో హాస్టలు కట్టి, తిండి తిని, బస్సుకి పోను ఆ డబ్బులో ఏం మిగులుతుంది? డబ్బు ఒక ఎత్తు, అడగడానికి మనిషి ఉండటం ఒక ఎత్తు. బ్యాంకు కౌంటర్లో ఎంతమందికి ఫారాలు నింపిపెట్టావో నువ్వు. రిటైరయ్యాక తోచట్లేదంటున్నావు కదా, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఒకసారి అడిగి చూడు. పాస్‌బుక్ చదవడం, ఏటీఎం పిన్ ఎవరికీ చెప్పకపోవడం, ఆధార్‌లో అడ్రసు మార్చుకోవడం నీకంటే బాగా ఎవరు నేర్పుతారు? నాన్న వద్దంటే నేను మాట్లాడతాను.

గోంగూర పచ్చడి ఇంకా ఉంది, మళ్ళీ పంపకు.

వచ్చే శనివారం ఆ పిల్ల కొత్తింట్లో చేరుతోంది. పరుపూ సామాన్లూ మోయాలి. ఆ రోజు ఫోన్ ఎత్తకపోతే కంగారుపడకండి, రాత్రికి నేనే చేస్తాను.

నీ
పెద్దమ్మాయి