వార్షిక నివేదిక 2024–25: మలావీ బాలికల చదువుకు పాట, నాటకం

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులకు, రాలేక కబురు పంపినవారికి కార్యవర్గం తరఫున నమస్కారం. చదువు ఆగిపోయే అమ్మాయిలను పాట, నాటకాల ద్వారా బడిలో నిలపాలన్న సంఘం ఆశయం మీకు తెలిసినదే, కనుక నేరుగా పనిలోకి వస్తున్నాను.

ఈ ఏడాదీ మన పని ఆగ్నేయ ఆఫ్రికా దేశమైన మలావీలోని డెడ్జా జిల్లాలో, రెండు ప్రాథమిక పాఠశాలల్లో, జూన్, జూలై నెలల్లో సాగింది. ఆ నెలలే ఎందుకని కొందరు అడిగారు. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. కోతలకు ముందు నెలల్లో ఇళ్లలో గింజలు నిండుకుని బడికి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. మొక్కజొన్న ఇంటికి చేరాకే ఊరికి తీరిక, అమ్మాయిలకు బడి. అయితే డెడ్జా బాగా ఎత్తు మీద ఉంది, జూన్‌లో చలి గట్టిగా ఉంటుంది. ఉన్నిబట్టలు తెచ్చుకోమని రాసినా తేనివాళ్లకు మొదటి వారమే గొంతు పట్టేసింది. పాట నేర్పాల్సినవాళ్లకే గొంతు లేకపోతే ఆ వారం పోయినట్టే.

బాధగా ఉన్నా చెప్పక తప్పని మాట ఒకటుంది. వెళ్తామని పన్నెండుమంది సభ్యులు పేర్లిచ్చారు, విమానం ఎక్కినవారు ఏడుగురు. మానేసినవారిలో ఇద్దరు కారణమైనా చెప్పలేదు. రిహార్సల్లో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, వారిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి అన్నది మన నియమం. ఆడవాళ్లు తక్కువై రెండో బడిలో అయిదు రోజులు రిహార్సల్ ఆపాల్సి వచ్చింది. అనుమతి ఉత్తరం కోసం ఒక కార్యాలయం చుట్టూ వారాల తరబడి తిరిగాం. ఉత్తరం చేతికొచ్చినా ఊరిపెద్దను స్వయంగా కలవకుండా మొదలుపెట్టకూడదు. ఆయన్ని దాటి పోతే నాటకం రోజున మైదానంలో పిల్లలు తప్ప ఎవరూ ఉండరు.

ఇక పని. ఒక్కో బడిలో ఇరవైనలుగురు అమ్మాయిలు, ఆరుగురి చొప్పున నాలుగు జట్లు. మొదటి వారం నాటకం ఊసే లేదు. ఆటలు, ఊపిరి కసరత్తు, పాట, అంతే. పాట దగ్గర మనవాళ్లు ప్రతిసారీ చేసే తప్పు ఈసారీ జరిగింది. నేర్పే మగవాళ్లు తమకు అలవాటైన ఒకటిన్నర శ్రుతిలో ఎత్తుకున్నారు. అమ్మాయిలు కింది స్వరాలు అందక గొణిగారు, మనవాళ్లేమో సిగ్గు పడుతున్నారనుకున్నారు. పల్లవి అమ్మాయిల్లో ఒకరి చేత ఎత్తించి, ఆ శ్రుతిలోనే మనం వంత పాడితే మూడు నిమిషాల్లో సర్దుకుంది. ఒకరు పాడితే గుంపు అందుకోవడం అక్కడి చెవా జాతివారి పాటల్లో పుట్టుకతో ఉన్నదే. బుర్రకథలో వంత పాడి ఉన్న మన సభ్యులకు అది కొత్తేమీ కాదు. హార్మోనియం మాత్రం ఇక తీసుకెళ్లొద్దు. దుమ్ము చేరి రెండు రీడ్లు పలకడం మానేశాయి, బరువు సరేసరి. డోలు అక్కడిదే వాడాలి. చలికి, మంచుకు పొద్దున్నే తోలు వదులై మొద్దుగా మోగుతుంది. గడ్డిమంటకు మూరెడు దూరంలో తిప్పుతూ వెచ్చబెడితే బిగుస్తుంది. తొందరపడి దగ్గరికి జరిపితే తోలు చీలుతుంది. ఒకటి అలాగే పోయింది.

నాటకానికి మనం అనుసరించేది బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోవాల్ (1931–2009) 1970లలో రూపుదిద్దిన, చూసేవాళ్లే లేచి పాత్ర తీసుకునే ఫోరం పద్ధతి. రెండో వారంలో ముందు మాటల్లేకుండా, కదలకుండా నిలబడే బొమ్మ కట్టిస్తాం: చదువు ఆగిన క్షణాన ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో. మాటలు తర్వాత. ఎవరి సొంత కథా వేయించం, 'ఒక అమ్మాయి' కథే. లేకపోతే ఆట అయిపోయినా ఆ పాత్ర పేరు ఆ పిల్లకు అంటుకుపోతుంది. అందుకే ప్రధాన పాత్రను రోజుకొకరు వేస్తారు.

మనం రాసుకెళ్లిన కథలో పెళ్లి నిశ్చయించేది తండ్రి. అమ్మాయిలు ఒప్పుకోలేదు. చెవాలది తల్లివైపు వంశం, మాట చెల్లేది తల్లి సోదరుడిది. వాళ్ల మాటలో ఆయన 'మలుమె', మన మేనమామే. తండ్రి పాత్రను పక్కకు జరిపి మామను చాప మీద కూర్చోబెట్టగానే కథ వాళ్లదైంది. అందరినీ ఆకట్టుకున్న మాట ఇంకొకటి: అక్కడ 'అమాయి' అంటే తల్లి, పెద్దావిడ. మనవాళ్లు అలవాటుగా పిల్లల్ని అమ్మాయీ అని పిలుస్తుంటే బడంతా నవ్వింది. మాస్కులు మాత్రం ఎంత మాత్రం వద్దు. అక్కడ ముసుగు న్యావు అనే పురుషుల రహస్య సంఘానిది, వాళ్లు చేసే గులె వామ్కులు నృత్యానిది. అమ్మాయిల ముఖాన మాస్కు పెడితే ఊరు నొచ్చుకుంటుంది.

జూలైలో మొదటి బడి మైదానంలో జరిగిన ప్రదర్శన ఈ ఏటి మన గర్వం. సాయంత్రం అయిదున్నర ప్రాంతానే పొద్దు గూకుతుంది, అమ్మాయిలు నడిచి ఇళ్లకు చేరాలి. అందుకే మధ్యాహ్నం రెండింటికే డోలు మోగింది. ఇరవై నిమిషాల నాటకం ఓటమితోనే ముగుస్తుంది. వెంటనే మొదటి నుంచి ఆడతారు, ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా 'ఆపండి' అని లేచి అమ్మాయి పాత్రనో, ఆమె పక్షాన నిలిచేవారి పాత్రనో తీసుకోవచ్చు. మామ పాత్ర తీసుకోకూడదు, మామ మంచివాడైపోతే నాటకమే ఉండదు. సూత్రధారిగా ఆ బడి టీచరే నిలబడ్డారు, మనవాళ్లు కాదు. మొదట లేచిన ఇద్దరు మగవాళ్లు ఉపన్యాసమిచ్చి కూర్చున్నారు. మూడో మనిషి ఒక ముసలావిడ. ఏమీ మాట్లాడకుండా వెళ్లి, మామ పక్కన మడిచిపెట్టి ఉన్న స్కూలు యూనిఫాం తీసుకుని ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చుంది. మామ వేషంలో ఉన్న పిల్లకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆమె చెయ్యి మాత్రం ఆ బట్ట మీద ముడతలు సవరిస్తూనే ఉంది. చివరికి మామే అడిగాడు, 'ఫీజు ఎవరు కడతారు?' అని. అక్కడి నుంచి ఊరంతా మాట్లాడింది.

చప్పట్లతో మన పని అయిపోయినట్టు కాదు. 2017 రాజ్యాంగ సవరణతో పెళ్లి వయసు పద్దెనిమిది అయిందని, గర్భం వల్ల బడి మానిన అమ్మాయిని తిరిగి చేర్చుకునే విధానం 1993 నుంచే ఉందని హెడ్మాస్టరు అక్కడే చదివి, ఎప్పుడు ఎవరి దగ్గరికి రావాలో చెప్పారు. మర్నాడు పొద్దున్నే బడిలోని తల్లుల బృందం ఇళ్లకు వెళ్లింది. ఆ వెళ్లడమే అసలు ఫలితం. రెండు బళ్లలో కలిపి నలుగురు తిరిగి చేరారు. ఒకరు మళ్లీ మానేశారు, బృందం ఆ ఇంటికి ఇంకా వెళ్తూనే ఉంది.

జమాఖర్చులు ఆడిటరు చూశారు, పట్టిక జతపరిచాం. 2023 నవంబరులో మలావీ కరెన్సీ క్వాచా విలువ తగ్గించాక అక్కడ ధరలు నిలకడగా లేవు, రవాణా పద్దు అందుకే పెరిగింది.

రెండు బళ్ల టీచర్లకు, తల్లుల బృందాలకు, ఊరిపెద్దలకు, బస ఇచ్చిన కుటుంబాలకు, డోలు బాగుచేసిన వృద్ధునికి, పాత యూనిఫాంలు కుట్టించి పంపిన మన మహిళా సభ్యులకు, ఇక్కడ టిక్కెట్ల పని నెత్తిన వేసుకున్న కోశాధికారికి పేరుపేరునా ధన్యవాదాలు. వెళ్లిన ఏడుగురికి సంఘం రుణపడి ఉంది.

వచ్చే జట్టుకు కనీసం నలుగురు స్త్రీలు కావాలి. మూడు వారాల కంటే తక్కువ ఉండగలిగినవారు దయచేసి పేరివ్వకండి. అక్కడి భాష చిచేవాలో పలకరింపులు, పోలీసు ధ్రువపత్రం, మలేరియా మందు ఏర్పాట్లు మార్చిలోగా పూర్తవ్వాలి. పిల్లల ఫోటోలు ఎవరూ ఎక్కడా పెట్టరాదన్న హామీ మీద సంతకం చేసినవారి పేర్లే జాబితాలో ఉంటాయి. డోలుకు మేకతోళ్లు రెండు అదనంగా కొనడానికి సభ ఆమోదం కోరుతున్నాను.

కార్యదర్శి