ఒసియోలా క్యాంప్ మునగకుండా చూడండి సార్: అమెరికా ఇంటీరియర్ సెక్రటరీకి బహిరంగ లేఖ

డగ్ బర్గమ్ గారికి,

నమస్కారం సార్. నేను ఫ్లోరిడాలో ఉంటున్న తెలుగువాడిని. ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్క్ మీ శాఖ కిందే ఉంది కాబట్టి, ఆ పార్కు లోపలే ఉన్న ఒసియోలా క్యాంప్ గురించి మీకే రాస్తున్నా. తెలుగులో ఎందుకంటే ఇక్కడ మావాళ్లు చాలామంది వీకెండ్ వస్తే టామియామి ట్రయల్ మీద కారేసుకుని వెళ్లి, ఎయిర్‌బోట్ ఎక్కి, మొసళ్ల ఫొటోలు దిగి ఇంటికొచ్చేస్తారు, ఆ రోడ్డు పక్కనే కాపురాలుండే మికసూకీ ఆదివాసుల గోడు వాళ్లకి కూడా తెలియాలని.

మికసూకీ తెగలో ఉన్నది సుమారు 600 మంది. 1858 దాకా మూడు యుద్ధాలు చేసి అమెరికా సైన్యం వేలమంది సెమినోల్ ఆదివాసులని మిసిసిపీ నది అవతలికి తరిమేస్తే, లొంగకుండా ఈ ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నీళ్లల్లోకి వెళ్లి దాక్కుని బతికిన కొద్దిమందికి వారసులు వీళ్లు. చెయ్యి పెడితే కోసుకుపోయే గడ్డి, దాని మధ్యలో కాస్త ఎత్తుగా చెట్లు పెరిగిన లంకలు, ఆ లంకల మీదే ఇళ్లూ మొక్కజొన్నా గుమ్మడీ, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవాలంటే సైప్రస్ మాను తొలిచిన దోనెలో గెడ వేసుకుంటూ పోవడమే. 1928లో టామియామి ట్రయల్ పూర్తయ్యాక ఆ రోడ్డు కట్ట నీళ్లకి అడ్డం పడింది, ఆ తర్వాత కాలవలూ గేట్లూ వచ్చాయి, కొన్నిచోట్ల నీళ్లు ఎండిపోతే కొన్నిచోట్ల లంకలే మునిగిపోయాయి, కుటుంబాలు మెల్లగా రోడ్డు పక్కకి చేరాయి.

క్యాంప్ అంటే వరసగా కట్టిన ఇళ్ల కాలనీ కాదు సార్. వాళ్లలో వంశం అమ్మ వైపు నుంచే వస్తుంది, పుట్టిన బిడ్డ తల్లి వంశానికే చెందుతుంది, పాత ఆచారంలో పెళ్లయ్యాక మగవాడే భార్య వాళ్ల క్యాంప్‌కి వెళ్లేవాడు, మన ఇల్లరికం లాగా, కాకపోతే అక్కడ అది మామూలు పద్ధతి, ఎవరూ తక్కువగా చూడరు. అమ్మమ్మ, ఆవిడ కూతుళ్లు, వాళ్ల పిల్లలు, అందరికీ కలిపి ఒకే వంట చికీ. చికీ అంటే సైప్రస్ గుంజలు పాతి పైన పామెట్టో ఆకులు కప్పిన గోడల్లేని పాక. పడుకునే చికీలో నేలకి ఎత్తుగా చెక్కల అరుగు ఉంటుంది, కింద తడి వచ్చినా పైన పొడిగా ఉండేలా. వంట చికీలో నిప్పు పెట్టే తీరు చూడాలి. పెద్ద పెద్ద దుంగల్ని చుట్టూ పరిచి కొసలు మాత్రం మధ్యలో కలుపుతారు, కొస కాలేకొద్దీ దుంగని లోపలికి జరుపుతూ పోతారు, మంట పెంచాలన్నా తగ్గించాలన్నా అంతే, కట్టెలు కొట్టే పనే లేదు. దాని మీద సోఫ్కీ ఉడుకుతుంది, అది మొక్కజొన్న జావ. పక్క చికీలో కుట్టుమిషన్. రంగురంగుల గుడ్డ పీలికల్ని కలిపి కుట్టి, దాన్ని అడ్డంగా ముక్కలు కోసి, కాస్త జరిపి మళ్లీ కలిపి కుడితే మెరుపు లాంటి, మంట లాంటి డిజైన్లు వస్తాయి, అవే లంగాలకీ చొక్కాలకీ పట్టీలుగా వేస్తారు. ఈ పని పిల్లలు నేర్చుకునేది తల్లుల పక్కన కూర్చునే, మికసూకీ భాష వాళ్ల నోటికి వచ్చేదీ అక్కడే. ఏటా జరిగే గ్రీన్ కార్న్ డాన్స్ అనే వాళ్ల పవిత్రమైన వేడుక గురించి వాళ్లు బయటివాళ్లకి ఎక్కువ చెప్పరు, మనం అడగకూడదు కూడా.

అలాంటి క్యాంప్ ఇప్పుడు వరదలకి దొరికిపోతోంది. ఒసియోలా క్యాంప్‌ని మికసూకీ రిజర్వ్‌డ్ ఏరియాలో (పార్కులో ఈ తెగ కోసం చట్టం కేటాయించిన స్థలంలో) కలిపి, రెండేళ్లలోపు అక్కడి ఇళ్లకి వరద నుంచి రక్షణ కల్పించాలని కాంగ్రెస్ 2025లో బిల్లు పాస్ చేసింది, రెండు సభలూ ఒప్పుకున్నాయి. ఆ డిసెంబర్ చివర్లో ప్రెసిడెంట్ ట్రంప్ గారు వీటో చేశారు. 1935లో అనుమతి లేకుండా కట్టిన క్యాంప్ అని అందులో రాశారు. సార్, ఎవర్‌గ్లేడ్స్ పార్క్ మొదలైందే 1947లో కదా, పన్నెండేళ్ల తర్వాత వచ్చిన పార్కు అనుమతి ముందే ఎవరి దగ్గర తీసుకోవాలి? ఇప్పుడున్న కట్టడాల్లో ఏదీ 50 ఏళ్లు దాటలేదు అని ఇంకో మాట. పామెట్టో కప్పు కొన్నేళ్లకే పాడవుతుంది, హరికేన్ వస్తే ఎగిరిపోతుంది, మళ్లీ కప్పుకుంటారు, అలా కప్పుకుంటూ ఉండటమే వాళ్ల సంప్రదాయం, అక్కడ పాతది ఆకు కాదు, ఆ చోటూ ఆ కుటుంబమూ. ఇక అదే వీటోలో తెగ వాళ్లు ఇమిగ్రేషన్ పాలసీకి అడ్డుపడుతున్నారన్న మాట నాకు చాలా బాధనిపించింది. బిగ్ సైప్రస్ ప్రాంతంలో, వాళ్ల ఊళ్లకి దగ్గర్లో, వాళ్లు వేటాడే, మందు మొక్కలు ఏరుకునే అడవిలో వలసదారుల్ని నిర్బంధించే డిటెన్షన్ సెంటర్ పెడితే కోర్టుకి వెళ్లారు. అది ఎవరికైనా ఉన్న హక్కు. దానికి ఈ పిల్లలూ ముసలివాళ్లూ నీళ్లల్లో ఉండాలా?

పార్కులోకి నీళ్లు వదలడానికి టామియామి ట్రయల్ మీద వంతెనలు కట్టారు, మంచి పని. ఎవర్‌గ్లేడ్స్‌కి నీళ్లు రావాలని, అవి చెరుకు తోటల ఎరువు లేని మంచి నీళ్లై ఉండాలని తెగ వాళ్లు ఎన్నేళ్లుగానో కొట్లాడుతున్నారు. కానీ పార్కుని బాగుచేసే నీళ్లు వంటచికీలోకి రాకుండా చూసే బాధ్యత కూడా ఆ పని చేయించే ప్రభుత్వానిదే.

నేను అడిగేది ఇంతే. బిల్లు మళ్లీ తెమ్మని మీరు కాంగ్రెస్‌కి గట్టిగా చెప్పండి. అది వచ్చేలోపు కొత్త చట్టం అక్కర్లేకుండా మీ పార్క్ సర్వీస్ చెయ్యగలిగినవి ఏవున్నాయో అవన్నీ మొదలుపెట్టించండి. ఒక్కసారి మీరే క్యాంప్‌కి వెళ్లి, ఆఫీసర్లు చెప్పేది కాకుండా అక్కడి ఆడవాళ్లు చెప్పేది వినండి, నీళ్లు ఏ నెలలో ఎంత ఎత్తు వస్తాయో వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇక్కడ వానలు మేలో మొదలవుతాయి, హరికేన్ సీజన్ జూన్ ఒకటి నుంచి. అంతకంటే ముందే ఇంజినీర్లని పంపి, ఏ ఇంటికి నేల ఎంత ఎత్తు లేపాలో తెగ వాళ్లతో కూర్చుని తేల్చండి సార్.

ఇట్లు,
ఫ్లోరిడా నుంచి ఒక తెలుగువాడు