గోడ ఇద్దరిది, ప్లాన్ ఒకరిదా?

సంపాదకులకు నమస్కారం.

మా పక్కవాళ్లు పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టుకుంటున్నారు. వద్దనే హక్కు నాకు లేదు, అనను కూడా. కానీ రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒకటే గోడ. వాళ్ల దూలాలు అటునుంచి, మావి ఇటునుంచి ఇన్నేళ్లూ దాని మీదే ఆనుకుని ఉన్నాయి. దాన్ని ఏం చేయబోతున్నారో మాకు తెలిసింది మాత్రం పొక్లెయిన్ వచ్చి గుమ్మం ముందు ఆగిన రోజే.

రెండు రోజుల్లో అటువైపు ఇల్లు పోయింది, గోడ మిగిలింది. నిన్నటిదాకా వాళ్ల పడగ్గది లోపలి గోడ, ఇప్పుడు వానకి తడిసే బయటి గోడ. దూలాలు పీకిన చోట బొక్కలు, బీరువా ఉన్నంత మేర వెలవని నీలం సున్నం, పైన ఒక మేకు. ఆ ముఖానికి సిమెంటు పూత లేదు, మొదటి వానకే నీళ్లు తాగేసింది. వారం తిరక్కుండా మా గదిలో మంచం వెనక చెమ్మ, కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా ఒక పగులు. "అది పాతదేనండీ, మీరు ఇప్పుడు చూసుకున్నారు" అన్నారు పక్కింటాయన. కాదని చూపించడానికి నా దగ్గర పని మొదలవక ముందు తీసిన ఫొటో ఒక్కటీ లేదు. ఆయన అబద్ధమాడుతున్నారని కూడా అనలేను, ఆయనకీ తెలియదు కదా.

ఆయన ప్లాన్‌కి మంజూరు ఉంది. అంతస్తులు, ఎత్తు, వదలాల్సిన ఖాళీ అన్నీ చూసే ఇచ్చారు. గోడలో వాటా ఉన్న మనిషికి చెప్పారా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్లాన్ అనుమతి వేరు, ఉమ్మడి గోడ వ్యవహారం వేరు. 1996లో చేసిన చట్టం ప్రకారం ఉమ్మడి గోడని ముట్టుకోవాలంటే రెండు నెలల ముందు, పక్క ఇంటికి 3 మీటర్లలోపు దాని పునాది కంటే లోతుగా తవ్వాలంటే ఒక నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పక్కవాళ్లు 14 రోజుల్లో ఒప్పుకోకపోతే, లేదా ఉలుకూ పలుకూ లేకపోతే వివాదంగానే లెక్క. అప్పుడు కట్టడాల సంగతి తెలిసిన సర్వేయర్లు కూర్చుని పని ఎలా చేయాలో తేలుస్తారు, వాళ్ల ఫీజు మామూలుగా కట్టుకునేవారిదే. లోపలి గోడ బయటపడితే వాన నుంచి దానికి రక్షణ కల్పించాలని కూడా అందులో ఉంది. అది చదివినప్పుడు మా నీలం సున్నం గోడే గుర్తొచ్చింది.

నిజం చెప్పాలంటే గోడ కంటే, దాని పక్కనే వాళ్లు తవ్వుతున్న గొయ్యి అంటేనే నాకు ఎక్కువ టెన్షన్. పునాది బరువు మోసేది కింది మట్టే అయినా, ఆ మట్టి పక్కకి జరగకుండా ఒత్తి పట్టుకునేది చుట్టూ ఉన్న మట్టి. దాన్ని గోడ పొడవునా ఒకేసారి తీసేస్తే పునాది కింది మట్టి గోతిలోకి జారుతుంది. అందుకే కాస్త తవ్వి, అక్కడ కాంక్రీటు వేసి, మధ్యలో కొంత వదిలి మరోచోట తవ్వాలంటారు ఇంజినీర్లు. కానీ యంత్రం అద్దె గంటల లెక్క. వచ్చిన రోజే అంతా తవ్వేయాలని చూస్తారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఉమ్మడి గోడ ఉంటే, పక్కవారికి నోటీసు అందినట్టు సంతకం, పని మొదలవక ముందు రెండువైపులా తీసిన ఫొటోలు, ఆ గోడనీ పునాదినీ ఎలా కాపాడతారో ఇంజినీరు రాసిన కాగితం ప్లాన్ దరఖాస్తుతో పాటు తీసుకోవాలి. పక్కవారి అనుమతి తప్పనిసరి చేయమనడం లేదు. అలా చేస్తే సంతకానికి బేరం పెట్టేవాళ్లూ తయారవుతారు. తెలియజేయాలి, గడువు పెట్టాలి, జవాబు రాకపోతే పని ఆగిపోకుండా తేల్చే ఇంజినీరు ఒకరు ఉండాలి, అంతే.

తెలిసిన ఇంజినీరు ఒకాయన చెబితే పగులుకి అడ్డంగా సన్నటి గాజుముక్క అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ వేశాను. గోడ కదిలితే గాజు విరుగుతుందట. రోజూ లేవగానే ముందు దాన్నే చూస్తున్నాను. ఇప్పటికైతే విరగలేదు. అటువైపు గొయ్యి ఇంకా సగమే అయింది.

— ఒక పాఠకుడు