అకౌంట్ డిలీట్ కొట్టే ముందు అందులోవి బయటికి తీసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

పోయిన వారం మీ పేపర్లో ఆన్‌లైన్ మోసాల గురించి వేసిన పేజీలో చివర్న "వాడని ఈమెయిల్ అకౌంట్లు శాశ్వతంగా మూసేయండి" అని ఒక లైన్ ఉంది, అది చదివి మర్నాడు పొద్దున్నే మా షాపుకి నలుగురు వచ్చారండీ, నా మెయిల్ తీసెయ్ అంటే నా మెయిల్ తీసెయ్ అని. మీరు రాసింది తప్పని నేను అనట్లేదు, వాడని అకౌంట్ మూసేయడం మంచిదే, కానీ ఆ ఒక్క లైన్ చాలదు, ముందు ఏం దాచుకోవాలి, ఎక్కడెక్కడ మార్చుకోవాలి, ఎన్నాళ్లు ఆగాలి అనేది కూడా రాయాలి, ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే నా చేత్తో నేను ఒకరికి చేసిన నష్టం ఉంది, అది ఇంకొకరికి జరగకూడదని ఈ ఉత్తరం.

నాది తెనాలిలో చిన్న నెట్ సెంటర్ అండి, 2007లో పెట్టా. జిరాక్స్, లామినేషన్, ఎంసెట్ వెబ్ ఆప్షన్లు (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు), పాన్ కార్డులు, డీఎస్సీ అప్లికేషన్లు, అన్నీ చేస్తాం. అప్లికేషన్‌లో ఈమెయిల్ అడిగితే అక్కడికక్కడే ఒకటి క్రియేట్ చేసి ఇచ్చేవాళ్లం, పాస్‌వర్డ్ ఏదో పేరు పక్కన 123 పెట్టి హాల్ టికెట్ వెనకాల రాసి ఇచ్చేవాళ్లం, రికవరీ నంబర్ (పాస్‌వర్డ్ మర్చిపోతే అకౌంట్ తెరుచుకోడానికి ఇచ్చే ఫోన్ నంబర్) దగ్గర చాలాసార్లు మా షాపు నంబరే పెట్టేవాళ్లం. తప్పే, కానీ అప్పుడు అందరం అలాగే చేశాం, ఈ రోజు ఊళ్లో సగం మంది మెయిళ్లు ఇలాంటి నెట్ సెంటర్లలో పుట్టినవే, ఆ హాల్ టికెట్ కాయితం ఎప్పుడో పోయుంటుంది, మెయిల్ మాత్రం బ్యాంకులోనూ ఎల్ఐసీలోనూ పాన్‌లోనూ అలాగే ఉండిపోయింది.

ఇక జరిగింది చెప్తా. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, నాకు ఏడో క్లాసులో లెక్కలు చెప్పారు. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, భార్య కరోనా టైంలో పోయారు. రెండేళ్ల కిందట ఒకరోజు వచ్చి "నాయనా, ఈ జీమెయిల్‌లో రోజుకి నలభై చెత్త మెయిళ్లు వస్తున్నాయి, ఫోన్‌లో ఎప్పుడు చూసినా స్పేస్ నిండిందని అంటోంది, మా వాడు నాకు కొత్తది చేసిచ్చాడు, ఈ పాతది తీసెయ్" అన్నారు. సరే మాస్టారూ అని కూర్చున్నా. గూగుల్‌లో జీమెయిల్ ఒక్కటే తీసేయడం వేరు, గూగుల్ అకౌంట్ మొత్తం తీసేయడం వేరు, ఆ రెండూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి. నేను మొత్తం అకౌంట్ తీసేసేది నొక్కా. ఏమేం పోతాయో లిస్టు చూపించింది, కింద రెండు టిక్కులు పెట్టమంది, ఆ రెండు టిక్కులూ నేనే పెట్టా, ఆ టైంలో షాపు నిండా కౌన్సెలింగ్ పిల్లలు ఉన్నారు, లిస్టు చదవలేదు, మాస్టార్ని చదవమనలేదు. అందులో ఫొటోస్ అని కూడా ఉంది.

మూడు నెలల తర్వాత సంవత్సరీకం దగ్గర పడుతుంటే అబ్బాయి ఫోన్ చేసి అమ్మ మాట్లాడే ఆ వీడియో పంపు నాన్నా అన్నాడంట. ఫోన్‌లో వెతికితే లేదు. ఎందుకు లేదంటే, ఫొటోలన్నీ ఆ పాత అకౌంట్‌లోకి బ్యాకప్ అయిపోయాయి, స్పేస్ నిండిందని చెప్పినప్పుడల్లా మాస్టారు "ఫ్రీ అప్ స్పేస్" నొక్కుతూ వచ్చారు, అది నొక్కితే బ్యాకప్ అయిన ఫొటోలు ఫోన్‌లోంచి పోయి అకౌంట్‌లో మాత్రమే ఉంటాయి. ఆ అకౌంట్‌ని నేను తీసేశా. డిలీట్ చేసిన కొద్ది రోజుల్లో అయితే వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంటుంది, మూడు నెలలంటే లేదు. నేను చెయ్యని ప్రయత్నం లేదండీ, రాలేదు. ఇందులో కంపెనీ తప్పేం లేదు, అది హెచ్చరించింది, నేను చదవలేదు అంతే.

అందుకని ఇప్పుడు ఎవరు వచ్చి అకౌంట్ తీసెయ్ అన్నా నేను ఆ రోజు తియ్యను. ముందు డేటా దించుకుందాం అంటా. గూగుల్‌కి టేకవుట్ అని ఒకటి ఉంది, 2011 నుంచీ ఉంది, ఉచితం, కానీ మా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందిలో ఒక్కరికి కూడా తెలీదు. అందులోకి వెళ్తే మెయిల్, ఫొటోలు, డ్రైవ్ (ఫైళ్లు దాచుకునే చోటు), కాంటాక్ట్స్ ఇలా ఏవి కావాలో టిక్ పెట్టుకుని ఎక్స్‌పోర్ట్ అనొచ్చు. వెంటనే రాదు, కొన్ని గంటలు పట్టొచ్చు, ఎక్కువ డేటా అయితే రోజులు కూడా పడుతుంది, తయారయ్యాక లింక్ మెయిల్‌కి వస్తుంది, ఆ లింక్ దాదాపు వారమే పనిచేస్తుంది. ఒక్కో ఫైల్‌కి 2 జీబీ సైజు పెడితే 14 జీబీ డేటా ఉన్నవాళ్లకి ఏడెనిమిది ముక్కలుగా జిప్ ఫైళ్లు (చాలా ఫైళ్లని ఒక మూటగా కట్టినవి) వస్తాయి, మొదటి ముక్క దించుకుని అయిపోయిందనుకునేవాళ్లని నేను చూశా, అన్ని ముక్కలూ దించుకోవాలి. దించుకున్నాక విప్పి చూడాలి, ఇది ముఖ్యం. ఒకసారి ఒకమ్మాయి పెన్‌డ్రైవ్‌లో ఫైల్ ఉందన్న ధైర్యంతో డిలీట్ చేయమంది, ముందు ఓపెన్ చేద్దాం అని చూస్తే జిప్ సగంలో ఆగిపోయి ఉంది, ఓపెన్ కాలేదు, మళ్లీ దించాం.

మెయిళ్లు ఎంబాక్స్ అనే ఒకే పెద్ద ఫైల్‌గా వస్తాయి, డబుల్ క్లిక్ చేస్తే ఏమీ కనపడదు, అది చూసి చెడిపోయిందని కంగారు పడొద్దు, థండర్‌బర్డ్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులోకి ఎక్కించుకుంటే పాత మెయిళ్లన్నీ మామూలుగా చదువుకోవచ్చు, దానికి ఇంపోర్ట్ చేసే చిన్న యాడ్ఆన్ వేసుకోవాలి. అంత ఓపిక లేనివాళ్లు కనీసం ముఖ్యమైన మెయిళ్లు, అంటే ఆఫర్ లెటర్లు, పాలసీ బాండ్లు, ఫీజు రసీదులు, ఒక్కొక్కటీ ఓపెన్ చేసి ప్రింట్‌లోకి వెళ్లి పీడీఎఫ్‌గా సేవ్ చేసుకుంటే చాలు. ఫొటోల పక్కన జేసన్ అని చిన్న చిన్న ఫైళ్లు వస్తాయి, చెత్త అనుకుని తీసేయొద్దు, ఫొటో ఏ రోజు ఎక్కడ తీసిందనే వివరాలు వాటిలో కూడా ఉంటాయి. రెండు చోట్ల దాచుకోండి, ఒకటి హార్డ్ డిస్క్, ఇంకొకటి ఇంకెవరి దగ్గరైనా. పెన్‌డ్రైవ్ ఒక్కటే నమ్ముకోవద్దు, మా షాపులో చచ్చిపోయిన పెన్‌డ్రైవ్‌లు డబ్బా నిండా ఉన్నాయి.

ఇంకొకటి ఎవరూ చెప్పనిది. ఆండ్రాయిడ్ ఫోన్ వాడేవాళ్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఏదో ఒక గూగుల్ అకౌంట్‌లోనే ఉంటుంది. అది ఏ అకౌంట్ అనేది వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ దగ్గర కనపడుతుంది. మూసేద్దామనుకున్న అకౌంట్ అదే అయితే ముందు కొత్త దానికి మార్చి ఒకసారి బ్యాకప్ కొట్టండి. లేకపోతే రేపు ఫోన్ పోయినప్పుడు చాట్లన్నీ పోతాయి.

డేటా తీసుకున్నాక కూడా వెంటనే మూయొద్దనే నేను చెప్తా. అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పుడు గ్యాస్ వాళ్లకి, బ్యాంకుకి, రేషన్ కార్డుకి అడ్రస్ మార్చుకుంటాం కదా, ఇదీ అంతే. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్, ఆధార్, పీఎఫ్, బ్యాంకు, డీమ్యాట్, ఎల్ఐసీ, పాస్‌పోర్ట్ లాగిన్, ఐఆర్‌సీటీసీ, పిల్లల కాలేజీ, అన్నింట్లో కొత్త మెయిల్ పెట్టాలి. చాలా సైట్లలో మెయిల్ మార్చాలంటే పాత మెయిల్‌కే ఓటీపీ పంపిస్తారు, పాతది ముందే మూసేస్తే ఇక ఆఫీసుల చుట్టూ తిరగడమే. "గూగుల్‌తో సైన్ ఇన్" అని నొక్కి ఎక్కడెక్కడ లాగిన్ అయ్యారో ఆ లిస్టు కూడా మీ అకౌంట్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, అది ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ మార్చుకోవచ్చు. తర్వాత పాత మెయిల్‌లో ఫార్వర్డింగ్ పెట్టి వచ్చేవన్నీ కొత్తదానికి పోయేలా చేసి ఒక ఏడాది అలా వదిలేయండి. ఏడాది ఎందుకంటే కొన్ని మెయిళ్లు ఏడాదికి ఒక్కసారే వస్తాయి, ఇన్సూరెన్స్ రెన్యువల్, రిటర్న్‌ల టైంలో ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లవి, ఇలాంటివి. ఏడాదిలో ఏమేం వచ్చాయో చూసుకుంటే మీరు మర్చిపోయినవి బయటపడతాయి.

ఆ తర్వాత కూడా జీమెయిల్ ఒక్కటే తీసేస్తే సరిపోతుందా, మొత్తం అకౌంట్ తీసేయాలా అనేది ఆలోచించుకోండి. జీమెయిల్ ఒక్కటే తీసేస్తే ఫొటోలు, డ్రైవ్, యూట్యూబ్ అలాగే ఉంటాయి, దానికి వేరే మెయిల్ ఐడీ ఇవ్వమని అడిగి దానికి ఒక లింక్ పంపిస్తుంది, ఆ లింక్ నొక్కేదాకా డిలీట్ అవ్వదు. మొత్తం తీసేస్తే ప్లే స్టోర్‌లో కొన్నవి కూడా పోతాయి. పోయిన జీమెయిల్ పేరు మళ్లీ ఎవరికీ ఇవ్వరు, అది కాస్త నయం, కానీ అన్ని కంపెనీలూ అలా కాదు, యాహూ వాళ్లు 2013లో చాలాకాలం వాడని ఐడీలని వేరేవాళ్లకి ఇస్తామని ప్రకటించారు, అలాంటి చోట మీ పాత ఐడీకి వచ్చే బ్యాంకు మెయిల్ ఇంకెవరో చదవొచ్చు.

స్పేస్ నిండిందనే బాధ ఒక్కటే అయితే అసలు మూయాల్సిన పనే లేదండీ. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫొటోలకి కలిపి, పెద్ద అటాచ్‌మెంట్లు ఉన్న మెయిళ్లు వెతికి తీసేసి ట్రాష్ కూడా ఖాళీ చేస్తే చాలామందికి తేలికవుతుంది. మా మాస్టారికి ఆ రోజు నేను చెయ్యాల్సింది అదే, అరగంట పని.

మనం మూయకపోయినా వాళ్లే మూసేసే సంగతి కూడా రాయండి. రెండేళ్లు అసలు లాగిన్ కాని అకౌంట్లు తీసేస్తామని గూగుల్ 2023 మేలో చెప్పి ఆ ఏడాది డిసెంబర్ నుంచి అమలు మొదలుపెట్టింది, యాహూలో 12 నెలలే. గల్ఫ్‌కి పోయినవాళ్లు, పెద్దవాళ్లు, ఫోన్ మార్చి పాత మెయిల్ మర్చిపోయినవాళ్లు మా ఏరియాలో చాలామంది ఉన్నారు, అప్పుడప్పుడూ ఒకసారి లాగిన్ అయితే సరిపోతుంది. మనిషి పోయాక ఆ మెయిల్ ఏమవ్వాలో ముందే రాసిపెట్టుకునే సెట్టింగ్ కూడా గూగుల్‌లో ఉంది, 3 నెలల నుంచి 18 నెలల దాకా ఎంతకాలం వాడకపోతే ఎవరికి డేటా ఇవ్వాలో పెట్టుకోవచ్చు, పదిమంది దాకా పేర్లు ఇవ్వొచ్చు. దీని గురించి ఇంట్లో మాట్లాడటం అశుభం అనుకుంటారు మనవాళ్లు, నాకైతే బంగారం ఎక్కడుందో చెప్పడం లాంటిదే అనిపిస్తుంది.

2023 ఆగస్టులో మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, మన డేటా తీసేయమని అడిగే హక్కు, మన తర్వాత మన హక్కులు వాడుకోడానికి నామినీని పెట్టుకునే హక్కు అందులో ఉన్నాయి. చట్టంలో హక్కు రాశారు కానీ ఆ బటన్ ఎక్కడుందో తెలుగులో చెప్పేవాళ్లు లేరు. మీ పేపర్ ప్రతి ఊరికీ వెళ్తుంది, మీరు ఒక ఆదివారం అరపేజీ ఇవ్వండి, బొమ్మలతో, ఏ బటన్ ఎక్కడుందో చూపిస్తూ. ప్రభుత్వ సైట్ల వాళ్లని కూడా అడగండి, పాత మెయిల్ పోయినవాళ్లు ఆధార్ ఓటీపీతో కొత్త మెయిల్ పెట్టుకునే దారి అన్ని చోట్లా ఇవ్వమని. నాలాంటి నెట్ సెంటర్ వాళ్లకి ఒక మాట, అకౌంట్ తీసేసే పేజీలో ఆ టిక్కులు మీరు పెట్టకండి, మనిషిని పక్కన కూర్చోబెట్టి లిస్టు చదివి వినిపించి ఆయన చేతే పెట్టించండి.

మా షాపులో డేటా దించిపెట్టడానికి డబ్బులు తీసుకోను, హార్డ్ డిస్క్ తెచ్చుకుంటే చాలు, సాయంత్రం ఏడు తర్వాత రండి, అప్పుడు రష్ ఉండదు, నెట్ కూడా స్పీడ్‌గా ఉంటుంది. మాస్టారు ఇప్పటికీ ఏటా లైఫ్ సర్టిఫికెట్‌కి నా దగ్గరికే వస్తారు, ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. వాళ్ల చుట్టాల ఫోన్లలోంచి, పెళ్లి వీడియోలు తీసినవాళ్ల దగ్గర్నుంచి అమ్మగారు కనపడే ఫొటోలు ఇప్పటికి అరవై దాకా పోగుచేసి ఇచ్చాను, మాట్లాడే వీడియో మాత్రం ఇంకా ఒక్కటీ దొరకలేదు, వెతుకుతున్నా.

ఇట్లు,
మీ పాఠకుడు, నెట్ సెంటర్ నిర్వాహకుడు,
తెనాలి